ముక్కు ఒకవైపు, ప్రయాణం ఇంకోవైపు: తక్కువ వేగంలో యుద్ధ విమానం అదుపు తప్పకుండా ఎలా ఎగురుతుంది?

1989 జూన్‌లో పారిస్ దగ్గర లె బూర్జే విమానాశ్రయంలో ఎయిర్ షో జరిగింది. రెండు సోవియట్ యుద్ధ విమానాలు ఆ షోలో దాదాపు ఒకే రకం సాహసం చేశాయి. వేగం బాగా తగ్గించి, ముక్కు బాగా పైకెత్తి ఎగరడమే ఆ సాహసం. విక్టర్ పుగచోవ్ నడిపిన సుఖోయ్-27 నేలకు సమాంతరంగా ముందుకు వెళ్తూనే ముక్కును నిట్టనిలువుగా లేపింది. అక్కడితో ఆగకుండా ముక్కు ఇంకాస్త వెనక్కి వాలింది, మళ్లీ కిందికి దిగి మామూలుగా సాగిపోయింది. పడగెత్తిన పాములా కనిపించిన ఆ విన్యాసానికి కోబ్రా అన్న పేరు స్థిరపడింది. అదే షోలో జూన్ 8న అనతోలీ క్వొచూర్ నడుపుతున్న మిగ్-29, ముక్కెత్తి జనం ముందు నుంచి మెల్లగా వెళ్తుండగా దాని కుడి ఇంజిన్‌లోకి పక్షి దూరింది. విమానం కుడివైపు ఒరిగి, ముక్కు కిందికి వాలి, కొన్ని సెకన్లలోనే నేలను ఢీకొట్టింది. చివరి క్షణంలో ఎజెక్ట్ అయిన, అంటే సీటుతో సహా బయటికి ఎగిరిన క్వొచూర్ ప్రాణాలతో బయటపడ్డాడు.

రెండు ఇంజిన్ల యుద్ధ విమానం మామూలు వేగంలో ఉన్నప్పుడు ఒక ఇంజిన్ పోతే, రెండోదాని మీద వెనక్కి వచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం పైలట్‌కు సరిదిద్దుకునే వ్యవధే దొరకలేదు. మరి నిట్టనిలువుగా లేచిన సుఖోయ్ ఎందుకు పడిపోలేదు?

బెంగళూరు యలహంకలో జరిగే ఏరో ఇండియాకు వెళ్లినవాళ్లకు ఇలాంటి ప్రశ్నే వస్తుంది. సుఖోయ్-30 ఎంకెఐ తోక కిందికి, ముక్కు పైకి పెట్టి పాకుతున్నట్టు వెళ్తుంటే, ఇంత బరువు గాలిలో ఎలా నిలుస్తోందా అని అందరూ తలెత్తి చూస్తారు. ఆ వీడియోలు ఫోన్లలోకి చేరాక చర్చ అంకెల మీదికి మళ్లుతుంది: ఎఫ్-22కు 60 డిగ్రీలు దాటినా ఫర్వాలేదట, ఎఫ్-35కు 50 అట, మన తేజస్‌కు ఇరవై పైచిలుకేనట, అంటే తేజస్ తక్కువదేగా? ఆ అంకె అసలు దేన్ని కొలుస్తుందో తెలిస్తే ఈ పోలికలో ఎక్కడ పొరపాటు ఉందో తెలుస్తుంది.

ముక్కు చూసే దిక్కు వేరు, విమానం వెళ్లే దిక్కు వేరు

విమానం ముక్కు ఎక్కడికి చూస్తోందో అక్కడికే వెళ్తోందని మనం అనుకుంటాం. కారు విషయంలో అది నిజం. విమానం విషయంలో దాదాపు ఎప్పుడూ నిజం కాదు.

ఇక్కడ మూడు కోణాలున్నాయి. ముక్కు దిగంతానికి ఎంత పైన ఉందన్నది మొదటిది. విమానం నిజంగా ఏ వాలున పైకో కిందికో కదులుతోందన్నది రెండోది. ఈ రెండింటికీ ఉన్న తేడా మూడోది. అంటే ఎదురొచ్చే గాలి రెక్కకు ఏ కోణంలో తగులుతోందన్నమాట. దీన్నే యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు, పైలట్లు ముద్దుగా ఆల్ఫా అంటారు. వ్యాసమంతా ఈ మూడో కోణం గురించే.

ఒక విమానం దిగుతోంది అనుకుందాం. ముక్కు దిగంతానికి 8 డిగ్రీలు పైన ఉంది, విమానం మాత్రం 3 డిగ్రీల వాలున కిందికి వస్తోంది. గాలి రెక్కకు కింది నుంచి 11 డిగ్రీల్లో తగులుతోంది, ఆల్ఫా 11. ఇంకో విమానం ముక్కును 30 డిగ్రీలు ఎత్తి, 26 డిగ్రీల వాలున పైకి దూసుకెళ్తోంది. చూడటానికి ఇదే ఎక్కువ సాహసంలా ఉంటుంది కానీ దాని ఆల్ఫా 4 మాత్రమే. నిలువునా ఆకాశంలోకి పోతున్న విమానం ముక్కు 90 డిగ్రీల్లో ఉన్నా, వెళ్లేదీ అటే కాబట్టి ఆల్ఫా దాదాపు సున్నా.

కోబ్రా ప్రత్యేకత ఇక్కడే ఉంది. విమానం ముందుకే వెళ్తోంది, ముక్కు మాత్రం నిలువు దాటింది. ఆల్ఫా 90 డిగ్రీలు దాటిపోయింది, పొట్టే గాలికి ఎదురుగా నిలిచింది.

వేగం సగమైతే లిఫ్ట్ పావే

రెక్క ఇచ్చే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం, వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగానికి తగ్గితే లిఫ్ట్ నాలుగో వంతుకు పడిపోతుంది. బరువు మాత్రం తగ్గదు. ఆ లోటును పైలట్ ఆల్ఫా పెంచి పూడ్చుకోవాలి. కొంతవరకు లిఫ్ట్ ఆల్ఫాతో పాటు సమంగా పెరుగుతుంది కాబట్టి లెక్క తేలికే. గంటకు 600 కిలోమీటర్ల వేగంలో 3 డిగ్రీలు సరిపోయిన విమానానికి 300 దగ్గర సుమారు 12 డిగ్రీలు కావాలి. 200 దగ్గర 27 డిగ్రీలు కావాలి.

ఆ 27 దగ్గరే చిక్కు. మామూలు రెక్క మీద గాలి ఒక హద్దు వరకే ఒంపును అంటిపెట్టుకుని పారుతుంది. సుమారు 15 నుంచి 18 డిగ్రీలు దాటాక అది రెక్క పైభాగం నుంచి విడిపోయి చెల్లాచెదురవుతుంది. లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, ఒక్కసారిగా పెరుగుతుంది. దీన్నే స్టాల్ అంటారు. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ నిండుగా పనిచేస్తున్నా రెక్క స్టాల్ అవుతుంది. అంతేకాదు, వేగంగా వెళ్తున్నప్పుడు కూడా పైలట్ చేతిలోని నియంత్రణ కర్రను, అంటే స్టిక్‌ను గట్టిగా లాగి ఆల్ఫా హద్దు దాటిస్తే అవుతుంది. స్టాల్‌ను తెచ్చేది కోణం. తక్కువ వేగం ఆ కోణానికి మనల్ని దగ్గర చేస్తుంది, అంతే.

సుడుల మీద నిలబడే రెక్కలు

యుద్ధ విమానాలు ఈ హద్దును దాటడానికి ఒక ఉపాయం పట్టాయి. బాగా వెనక్కి వాలిన, పదునైన అంచున్న రెక్కను గాలికి ఎక్కువ కోణంలో పెడితే, గాలి ఆ అంచు దగ్గర విడిపోయి, తాడు పేనినట్టు మెలితిరిగి, రెక్క పైన పొడవాటి సుడిగా సాగుతుంది. సుడి నడిమధ్యన పీడనం చాలా తక్కువ. ఆ తక్కువ పీడనం రెక్కను పైకి లాగుతుంది. అందుకే త్రికోణాకారపు డెల్టా రెక్కలు మామూలు రెక్క చేతులెత్తేసే కోణాన్ని దాటి, 30 డిగ్రీల దాకా కూడా లిఫ్ట్ ఇవ్వగలవు. కాంకార్డ్ ప్రయాణికుల విమానం దిగేది ఈ సుడుల మీదే. దిగేటప్పుడు ముక్కు అంత పైకి ఉంటే పైలట్‌కు రన్‌వే కనిపించదని దాని ముక్కును కిందికి వంగేలా చేశారు.

ఎఫ్-16, ఎఫ్-18, మిగ్-29, సుఖోయ్-27ల్లో రెక్క మొదలయ్యే చోట కాక్‌పిట్ పక్కదాకా సాగిన సన్నని పలకలాంటి భాగాన్ని గమనించండి. దాని ముఖ్యమైన పని ఈ సుడిని పుట్టించి రెక్క మీదికి పంపడం. తేజస్ నౌకాదళ రూపంలో లెవ్‌కాన్ అనే కదిలే పలకలను రెక్క మొదట్లో అమర్చింది కూడా నౌక మీద తక్కువ వేగంతో దిగడానికే. ఆ విమానం 2020 జనవరి 11న ఐఎన్ఎస్ విక్రమాదిత్య డెక్ మీద దిగింది.

ఈ సుడులు ఉచితంగా రావు. ఒక కోణం దాటాక అవి మధ్యలోనే పగిలిపోతాయి. పగిలిన సుడి దేనికి తగిలితే దాన్ని కుదిపేస్తుంది. ఎఫ్-18లో అది నేరుగా జంట తోకలకు తగిలి, లోహానికి పగుళ్లు తెచ్చింది. తర్వాత ఆ పలక మీద చిన్న కంచెలాంటి రేకును నిలబెట్టి దెబ్బను తగ్గించారు.

లిఫ్ట్ కంటే ముందు చేజారేది అదుపు

ఎక్కువ కోణంలో ఎగరడం అంటే బరువును మోయడమే కష్టమని బయటి నుంచి చూసేవాళ్లం అనుకుంటాం. నిజానికి మొదట చేజారేది అదుపు. స్కూల్లో స్లో సైకిల్ పోటీ గుర్తుందా? అందులో తొక్కడం ఎవరికీ కష్టం కాదు. వేగం తగ్గేకొద్దీ హ్యాండిల్ మాట వినదు, అదే కష్టం. ఎక్కువమంది కాలు కింద పెట్టేది అలసిపోయి కాదు, పక్కకు ఒరిగి.

విమానంలో ఆ ఒరగడానికి కారణాలు నాలుగు ఒకేసారి వచ్చి పడతాయి.

మొదటిది ఐలరాన్లు. రెక్కల చివర ఉండే ఈ పలకల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలితే విమానం పక్కకు దొర్లుతుంది. కిందికి దిగిన పలక ఉన్న రెక్క లిఫ్ట్‌తో పాటు డ్రాగ్ కూడా పెంచుకుంటుంది, ఆ లాగుడుకు ముక్కు అటే తిరుగుతుంది. పైలట్ కుడికి దొర్లించాలని చూస్తే ముక్కు ఎడమకు పోతుంది. తక్కువ ఆల్ఫాలో ఇది చిన్న చిరాకు. ఎక్కువ ఆల్ఫాలో విమానాన్నే అడ్డం తిప్పేస్తుంది. వియత్నాం యుద్ధ కాలపు ఎఫ్-4 ఫాంటమ్‌కు ఈ గుణం బాగా ఉండేది. అందుకే ఆల్ఫా ఎక్కువగా ఉన్నప్పుడు స్టిక్‌ను పక్కలకు కదపకుండా, పాదాలతో రడ్డర్ (నిలువు తోక మీద కదిలే పలక) పెడల్ నొక్కి విమానాన్ని దొర్లించమని పైలట్లకు నేర్పేవారు. చేతులకు అలవాటైన పనిని ప్రాణాపాయ సమయంలో మాని, పాదాలతో చేయాలి. అది చెప్పినంత సులువు కాదు.

రెండోది తోక. ముక్కు పైకి లేచేకొద్దీ నిలువు తోక విమానం ఒంటి నీడలో పడిపోతుంది. రెక్కల నుంచి, వీపు నుంచి విడిపోయిన నలిగిన గాలే దానికి తగులుతుంది. విమానాన్ని బాణంలా నిటారుగా ఉంచే పని తోకది. శుభ్రమైన గాలి లేకపోతే ఆ పని జరగదు. రడ్డర్ ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

మూడోది మాటల కంటే చేత్తో చేసి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అరచేతిని బల్లపరుపుగా ముందుకు చాపండి. వేళ్లను 30 డిగ్రీలు పైకెత్తండి. గాలి ఎదురు నుంచి వచ్చి అరచేతి అడుగున తగులుతోంది అనుకోండి. ఇప్పుడు మధ్యవేలునే ఇరుసుగా చేసుకుని చేతిని 90 డిగ్రీలు తిప్పండి. ఇందాక అడుగు నుంచి తగిలిన గాలి ఇప్పుడు పక్క నుంచి తగులుతోంది. 30 డిగ్రీల ఆల్ఫా మొత్తం 30 డిగ్రీల పక్కగాలిగా మారిపోయింది. అంత పక్కగాలిని ఏ తోకా తట్టుకోలేదు. కాబట్టి ఎక్కువ ఆల్ఫాలో విమానం తన ఒంటి చుట్టూ దొర్లకూడదు, తాను వెళ్తున్న దారి చుట్టూ దొర్లాలి. అలా దొర్లాలంటే దొర్లడం, ముక్కు తిప్పడం రెండూ సరైన పాళ్లలో ఒకేసారి జరగాలి. చూసేవాళ్లకు ముక్కు గరాటు అంచు వెంబడి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఈ పాళ్లు మనిషి చేతికి అందేవి కావు, కంప్యూటర్ కలపాల్సిందే.

నాలుగోది ముక్కు మొన. 40, 50 డిగ్రీలు దాటాక కోసుగా ఉన్న ముక్కు నుంచి కూడా రెండు సుడులు లేస్తాయి. అవి కుడి ఎడమల సమానంగా ఉంటే చింత లేదు. మొన మీద కంటికి కనిపించనంత వంకర ఉన్నా ఒక సుడి పైకి, ఒకటి కిందికి సర్దుకుని ముక్కును బలంగా ఒకవైపు లాగేస్తాయి. ఎక్స్-31 అనే పరిశోధక విమానంలో ఈ బెడద వచ్చినప్పుడు ముక్కు పక్కల సన్నని పట్టీలు అమర్చి, మొనను కాస్త మొద్దుగా చేసి, గరుకు పూత వేసి సరిదిద్దారు.

ఇవన్నీ కలిసి పైలట్ ఆజ్ఞను మించిపోతే విమానం తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని డిపార్చర్ అంటారు. అది నిలదొక్కుకుని గుండ్రంగా తిరుగుతూ పడిపోతే స్పిన్.

మెల్లగా వెళ్లడానికే ఎక్కువ ఇంజిన్ బలం

ఇంకో విచిత్రం ఉంది. ఒక హద్దు కంటే వేగం తగ్గాక, ఇంకా మెల్లగా వెళ్లాలంటే ఇంజిన్ బలం పెంచాలి. ఆల్ఫాతో డ్రాగ్ అంత వేగంగా పెరుగుతుంది. ఈ ప్రాంతంలో ముక్కెత్తితే విమానం పైకి పోదు, ఇంకా నెమ్మదించి కిందికి దిగుతుంది.

1956 జనవరి 10న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఒక ఎఫ్-100 సూపర్ సేబర్ దిగుతుండగా ఇదే జరిగింది. వెనక్కి వాలిన రెక్కల చివర్లు ముందు స్టాల్ అయితే లిఫ్ట్ కేంద్రం ముందుకు జరిగి, ముక్కు దానంతటదే ఇంకా పైకి లేస్తుంది. పైలట్ ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనుక అదనపు ఇంధనం మండించి బలం పెంచేది) వెలిగించినా విమానం పైకి పోలేక, కిందికి దిగలేక, తోక నేలకు తగిలేంత దగ్గరగా అటూ ఇటూ ఊగి పక్కకు పడిపోయింది. పైలట్ చనిపోయాడు. వేరే పరీక్ష కోసం పెట్టిన కెమెరాల్లో ఆ దృశ్యం పడింది. సేబర్ డ్యాన్స్ అని పేరుపడిన ఆ చిత్రాన్ని పైలట్లకు పాఠంగా చూపించారు.

ఇప్పుడు క్వొచూర్ మిగ్ దగ్గరికి వద్దాం. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం: 12 టన్నుల విమానం, రెండు ఇంజిన్లు కలిపి 8 టన్నుల థ్రస్ట్, అంటే నెట్టే బలం. ముక్కు 30 డిగ్రీలు పైకి ఉంటే ఆ థ్రస్ట్‌లో సగం, అంటే 4 టన్నులు, నేరుగా విమానాన్ని పైకి మోస్తుంది. బరువులో మూడో వంతును రెక్క కాదు, ఇంజిన్లే ఎత్తుతున్నాయి. ఒక ఇంజిన్ పోతే 2 టన్నుల ఆసరా పోయింది. మిగిలిన ఇంజిన్ నడిమధ్యలో లేదు కాబట్టి ముక్కును పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడును ఆపాల్సిన రడ్డర్‌కు తక్కువ వేగంలో, ఎక్కువ ఆల్ఫాలో బలం లేదు. ముక్కు దించి వేగం పుంజుకుందామంటే కింద ఎత్తు లేదు. పుగచోవ్ కోబ్రా కొన్ని సెకన్ల పని. దూసుకెళ్తున్న ఊపు ఆ సెకన్లను దాటించింది, తర్వాత ముక్కు దానంతటదే కిందికి దిగేలా సుఖోయ్-27 ఆకారం ఉంది. మిగ్-29 మాత్రం ఆ వేళ ముక్కెత్తిన స్థితిలోనే కొనసాగుతూ మెల్లగా ఎగురుతోంది.

నౌకాదళ పైలట్లకు ఈ ప్రాంతం రోజువారీ పని. ఎఫ్-18 విమానవాహక నౌక మీద దిగేటప్పుడు పైలట్ పట్టుకునేది వేగం అంకెను కాదు, 8.1 డిగ్రీల ఆల్ఫాను. బరువు మారితే సరైన వేగం మారుతుంది, సరైన కోణం మారదు. ఇంధనం ఎంత మిగిలింది, ఎన్ని క్షిపణులు తగిలించుకుని ఉంది అన్న లెక్కలన్నీ ఆ ఒక్క కోణంలో ఇమిడిపోతాయి.

కంప్యూటర్ కాపలా, దానికీ ఒక హద్దు

1974లో తొలిసారి ఎగిరిన ఎఫ్-16తో పద్ధతి మారింది. పైలట్ స్టిక్ కదిలిస్తే అది నేరుగా పలకలను కదపదు, కంప్యూటర్‌కు కోరిక చెబుతుంది. ఏ పలక ఎంత కదలాలో కంప్యూటర్ తేలుస్తుంది. ఇదే ఫ్లై బై వైర్. ఎఫ్-16 కంప్యూటర్ ఆల్ఫాను సుమారు 25 డిగ్రీల దగ్గర ఆపేస్తుంది. పైలట్ స్టిక్‌ను ఎంత గట్టిగా లాగినా అంతకు మించి ఇవ్వదు. పోరాటంలో ఉన్న పైలట్ వెనక్కి చూస్తూ శత్రువును వెతుక్కోవచ్చు, విమానం అదుపు తప్పుతుందేమోనన్న టెన్షన్ ఉండదు. తేజస్ కూడా ఇదే దారిలో, నాలుగు వరుసల డిజిటల్ ఫ్లై బై వైర్‌తో ఎగురుతుంది. తోకలో అడ్డపలక లేని ఆ డెల్టా విమానాన్ని కంప్యూటర్ లేకుండా నడపడం కుదరదు.

కానీ కంప్యూటర్ గాలిని పుట్టించలేదు. ఎఫ్-16 నిట్టనిలువుగా పైకి దూసుకెళ్లి, వేగం దాదాపు అయిపోయిందనుకోండి. ముక్కు దించమని కంప్యూటర్ తోకకు పూర్తి ఆజ్ఞ ఇస్తుంది, తోక మీద గాలే లేదు. విమానం బల్లపరుపుగా, సుమారు 60 డిగ్రీల ఆల్ఫాలో, ఆకు రాలినట్టు పడటం మొదలవుతుంది. దీన్ని డీప్ స్టాల్ అంటారు. బయటపడటానికి ఎఫ్-16లో ఒక స్విచ్ ఉంది. దాన్ని నొక్కి పట్టుకుంటే తోక పలక మీద అధికారం పైలట్‌కు వస్తుంది. బురదలో దిగబడ్డ బండిని ముందుకూ వెనక్కూ ఊపి బయటికి తీసినట్టు, పైలట్ ముక్కును లయ తప్పకుండా ఊపుతాడు. ఊపు పెరిగి ముక్కు కిందికి పడితే గాలి మళ్లీ దారిలో పడుతుంది. తర్వాతి రకాల్లో తోక పలకలను పెద్దవి చేయడానికి ఈ అనుభవం కూడా ఒక కారణం.

ఇంజిన్ మంటతో ముక్కు తిప్పడం

గాలి పలకలు పనిచేయని చోట ఇంజిన్ నుంచి వచ్చే జెట్‌నే పక్కకు తిప్పితే? అదే థ్రస్ట్ వెక్టరింగ్. అమెరికా, జర్మనీ కలిసి చేసిన ఎక్స్-31 జెట్ దారిలో మూడు తెడ్లలాంటి పలకలు పెట్టి, 70 డిగ్రీల ఆల్ఫాలో అదుపు తప్పకుండా ఎగిరింది. 1993 ఏప్రిల్ 29న స్టాల్ హద్దును దాటిన కోణంలో 180 డిగ్రీల మలుపు తిరిగింది. ఈ ఆలోచనకు ఆద్యుడైన జర్మన్ ఇంజినీర్ వోల్ఫ్‌గాంగ్ హెర్బ్‌స్ట్ పేరునే ఆ మలుపుకు పెట్టారు. నాసా కూడా ఒక ఎఫ్-18ను మార్చి 1987 నుంచి 1996 దాకా ఇలాంటి ప్రయోగాలే చేసింది.

2002లో భారత వైమానిక దళంలోకి వచ్చిన సుఖోయ్-30 ఎంకెఐలో నాజిల్, అంటే జెట్ బయటికి వచ్చే మూతి, ఏ తలంలో ఊగుతుందన్నది ముఖ్యం. రెండు నాజిళ్లూ నేరుగా పైకీ కిందికీ కాకుండా, వి అక్షరంలా ఏటవాలుగా కదులుతాయి. రెండూ ఒకేలా కదిలితే ముక్కు పైకీ కిందికీ కదులుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలితే ముక్కు పక్కకు తిరుగుతుంది. రడ్డర్ చచ్చుబడిన చోట రడ్డర్ పని చేసేది ఇదే.

అయినా ముక్కు తిరగడం, విమానం దారి మారడం ఒకటి కావు. 1999 జూన్ 12న, మళ్లీ లె బూర్జేలోనే, థ్రస్ట్ వెక్టరింగ్ ఉన్న ఒక సుఖోయ్-30 కిందికి దిగుతూ పైకి లేవబోయింది. ముక్కు పైకే ఉంది. విమానం మాత్రం ఇంకా కిందికే జారుతోంది. తోక నేలకు తగిలింది. ఇద్దరు పైలట్లూ ఎజెక్ట్ అయి బతికారు.

పోరాటంలో ఇది పనికొస్తుందా?

ఇక్కడ నిపుణులే రెండుగా చీలిపోతారు.

ముందు ఒక లెక్క. మెల్లగా వెళ్తే మలుపు చిన్నదవుతుందని మనకు బండి నేర్పింది. విమానానికి అది కొంతవరకే నిజం. సమతలంలో 200 కిలోమీటర్ల వేగంలో స్టాల్ అయ్యే, 9 జి వరకు తట్టుకునే విమానాన్ని తీసుకోండి. 9 జి అంటే బరువుకు తొమ్మిది రెట్ల లిఫ్ట్. లిఫ్ట్ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 9 జి లాగడానికి 200కు మూడు రెట్లు, అంటే 600 కిలోమీటర్ల వేగం కావాలి. ఎత్తు మారకుండా తిరిగితే ఆ వేగంలో సెకనుకు సుమారు 30 డిగ్రీలు, 317 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. 900 వేగంలో అదే 9 జితో సెకనుకు 20 డిగ్రీలే, వ్యాసార్ధం 700 మీటర్లు దాటుతుంది. 300 వేగంలో లాగగలిగేది 2.25 జి మాత్రమే. సెకనుకు 14 డిగ్రీల లోపే తిరుగుతుంది, వ్యాసార్ధం 350 మీటర్లు. అంటే వేగం సగం చేసుకున్నా మలుపు చిన్నది కాలేదు, తిరిగే చురుకుదనం సగానికి పైగా పోయింది. ఆ 600ను కార్నర్ స్పీడ్ అంటారు. పైలట్లు దాని చుట్టుపక్కల ఉండాలని తాపత్రయపడేది అందుకే.

పోయిన వేగానికి ఇంకో ధర కూడా ఉంది. 600 నుంచి 300కు పడిపోయిన విమానం పోగొట్టుకున్న శక్తి, దాదాపు 1060 మీటర్ల ఎత్తుతో సమానం. దాన్ని తిరిగి సంపాదించడానికి సమయం పడుతుంది. అప్పటిదాకా అది ఎదుటివాడికి సులువైన గురి.

వ్యతిరేకించేవాళ్ల వాదన దీని మీదే నిలబడింది. ఒక్క శత్రువు ఉంటే ముక్కు ఝాడించి గురి పెట్టడం బాగానే ఉంటుంది, రెండోవాడు ఉంటే నిలబడిపోయిన విమానం దొరికిపోతుందంటారు. 2008లో మన సుఖోయ్‌లు రెడ్ ఫ్లాగ్ అనే యుద్ధ విన్యాసాలకు అమెరికా వెళ్లివచ్చాక, ఒక అమెరికన్ అధికారి ప్రసంగం వీడియో బయటికి వచ్చింది. థ్రస్ట్ వెక్టరింగ్ వాడగానే సుఖోయ్ కిందికి జారిపోతుందని, అదే అదనని ఆయన అన్నాడు. భారత్‌లో ఆ మాటల మీద గట్టి చర్చే జరిగింది. అన్ని వేళలా వాడాల్సిన సాధనం కాదది, అవసరమైన క్షణానికి దాచుకునేదని ఇటువైపు వాదన. ఇంకో మార్పు కూడా వచ్చింది. 1980లలోనే సోవియట్లు హెల్మెట్‌తో గురిపెట్టే ఆర్-73 క్షిపణిని తెచ్చారు. పైలట్ తల తిప్పి చూస్తే చాలు, విమానం ముక్కు తిప్పక్కర్లేదు. తల చేయగల పనికి ఇంత శక్తిని ఖర్చు చేయడం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే.

సమర్థించేవాళ్లు ఇంకో కోణం చూపిస్తారు, నాకు అదే బరువైనదిగా తోస్తుంది. దగ్గరి పోరాటంలో రెండు విమానాలూ తిరుగుతూ తిరుగుతూ చివరికి తక్కువ వేగంలోకే చేరుతాయి. అక్కడ కోబ్రా చేయగలగడం ముఖ్యం కాదు. తప్పుగా లాగినా విమానం స్పిన్‌లోకి పోదన్న నమ్మకం ముఖ్యం. ఆ నమ్మకం ఉన్న పైలట్ హద్దు అంచు దాకా నిర్భయంగా వెళ్తాడు. లేని పైలట్ అంచుకు చాలా ముందే ఆగిపోతాడు. 70 డిగ్రీలు చేయగల విమానం అసలు లాభం, 25 డిగ్రీల దగ్గర దాని పైలట్‌కు భయం లేకపోవడం.

అంకెను ఎలా చదవాలి?

ఎఫ్-35కు 50 డిగ్రీలు, తేజస్‌కు ఇరవై పైచిలుకు అన్న పోలికలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. లిఫ్ట్ అత్యధికంగా వచ్చే కోణం ఒకటి. విమానం అదుపులో ఉండే కోణం ఇంకొకటి. మలుపు తిరగడంలో మొదటిదే లెక్కకొస్తుంది. చాలా యుద్ధ విమానాల్లో అది 25 నుంచి 35 డిగ్రీల మధ్యే ఉంటుంది. అంతకుమించిన కోణాలు ముక్కును తిప్పుతాయి కానీ దారిని పెద్దగా మార్చవు. పైగా రాఫెల్, యూరోఫైటర్ థ్రస్ట్ వెక్టరింగ్ లేకుండానే దగ్గరి పోరులో పేరు తెచ్చుకున్నాయి. తేజస్ హద్దు కూడా ఒక్కసారిగా ఇచ్చింది కాదు. పరీక్షల్లో ఒక్కో మెట్టు రుజువు చేసుకుంటూ పెంచుకుంటూ వచ్చింది.

ఒక్కో డిగ్రీ రుజువు చేయడం ఎంత కష్టమో హెచ్‌జేటీ-36 కథ చెబుతుంది. హైదరాబాద్ దగ్గరి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పైలట్లు పీసీ-7 శిక్షణ విమానం మీద స్టాల్, స్పిన్ మొదటిసారి చవిచూస్తారు. తర్వాత హకీంపేటలో కిరణ్ జెట్ల మీద శిక్షణ పొందుతారు. ఆ పాత కిరణ్‌ల స్థానంలో తేవాలని హెచ్ఏఎల్ చేసిన శిక్షణ విమానం హెచ్‌జేటీ-36. 2003 మార్చి 7న అది తొలిసారి ఎగిరింది. మామూలు ఎగరడంలో ఇబ్బంది లేదు. స్టాల్‌లో, స్పిన్‌లో మాత్రం అది ఉండాల్సినట్టు ఉండలేదు. 2011 ఏప్రిల్‌లో పరీక్షల మధ్య ఒక విమానం తమిళనాడులో కూలిపోయింది, ఇద్దరు పైలట్లూ ఎజెక్ట్ అయ్యారు. శిక్షణ విమానం స్పిన్‌లోకి వెళ్లాలి, కుర్రవాడి చేతిలో తప్పకుండా బయటికీ రావాలి. చివరికి నిలువు తోకనే వెనక్కి జరిపి, రడ్డర్‌ను పెంచారు. శుభ్రమైన గాలి తోకకు అందేలా చేయడానికి విమానం వెనుక భాగాన్నే తిరిగి రూపొందించాల్సి వచ్చింది. అలా మార్చిన విమానం 2019 ఏప్రిల్ 17న ఎగిరింది. 2022లో ఆరు చుట్ల స్పిన్ నుంచి బయటపడి చూపించింది. తొలిసారి ఎగిరినప్పటి నుంచి లెక్కేస్తే 19 ఏళ్లు.